క్వాలిస్ బ్రేకు, నాయన నోటుబుక్కు

మా సాదలి ఇంట్లో బండి నిలిపే చోటు నుంచి గేటు దాకా నలభై అడుగులు ఉంటుంది. అంతా పల్లమే. 2023 ఫిబ్రవరిలో ఒక రోజు తెల్లవారుజాము నాలుగున్నరకి అన్న క్వాలిస్ స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు విడిచి, బండిని గేటు తట్టు వదిలినాడు. వెనక సీట్లు మడిచి పట్టుగూళ్ల మూటలు వేసి ఉన్నాము. శిడ్లఘట్ట మార్కెట్టులో వేలం మొదలయ్యేలోపల చేరాల. అమ్మ ముందే పోయి గేటు తీస్తా ఉండింది.

అన్న బ్రేకు తొక్కితే పెడలు రాయి మాదిరి నిలబడింది. దిగదు. "అమ్మా, పక్కకు పో!" అని అరిచినాడు. అమ్మ ఎట్ల జరిగిందో ఆమెకే తెలీదు. అన్న సీట్లో నుంచి లేచి రెండు కాళ్లూ పెట్టి తొక్కితే బండి వేగం తగ్గి, గేటు పక్క రాతి కంబానికి తగులుకొని నిలిచింది. ఎడమ హెడ్‌లైటు పగిలింది. అమ్మ కొంగు గేటు గొళ్లానికి చిక్కి జానెడు చినిగింది. ఇంకేమీ కాలేదు. గూళ్లు రేపటిదాకా కాచుకునే సరుకు కాదు కాబట్టి మూటలన్నీ పక్కింటివాళ్ల టెంపోలో వేసి పంపినాము. తెల్లారినాక అమ్మ సాదలమ్మకు టెంకాయ కొట్టి వచ్చింది.

అయిదు నిమిషాలు ఇంజను ఆడినాక అదే బ్రేకు మెత్తగా, మామూలుగా దిగింది. మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదే.

మేము బెంగళూరులో ఉంటాము. సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. (పట్టు పండించే ఇంట్లో పుట్టి రోజూ సిల్క్ బోర్డు జంక్షనులో గంటసేపు నిలబడాల్సి రావడం మా తలరాత.) మా పనిలో ఎప్పుడూ కనబడే తప్పు మంచి తప్పు. ఒకసారి కనబడి, చూపిద్దామంటే దాక్కునేది చెడ్డ తప్పు. అట్లాంటిది పట్టుకొని పోతే డెవలపరు "నా మిషన్లో బాగానే నడుస్తా ఉంది" అంటాడు. బ్రేకు విషయంలోనూ రెండేళ్లుగా మాకు అదే జవాబు: "ఈడ బాగానే ఉంది కదా సార్." నిజమే. బండి గ్యారేజీకి పొయ్యేసరికి అరగంట నడిచి ఉంటుంది. తప్పు కనబడేది రాత్రంతా నిలిచిన బండిలో, తెల్లవారి మొదటి తొక్కుకు మాత్రమే. అది చూడాలంటే మేస్త్రీ మా ఇంట్లో పడుకోవాల.

ఈ బండి గురించి రెండు మాటలు. క్వాలిస్ మన బిడదిలో 2000 నుంచి 2005 దాకా తయారయింది, ఆ తర్వాత దాని జాగాలో ఇన్నోవా వచ్చింది. నాయన 2003లో కొన్నాడు. అప్పటికి చిక్కబళ్లాపురం జిల్లా లేదు, మేమంతా కోలారు జిల్లావాళ్లమే, కాబట్టి నంబరు కేఏ 07. 2007లో జిల్లా వేరైంది, ఇప్పుడు ఇక్కడి నంబరు కేఏ 40. మా తట్టు ఎవరి బండి ఎంత పాతదో నంబరు చూసే చెప్పొచ్చు. ఇంజను 2446 సీసీ డీజల్, నాలుగు సిలిండర్లు. పదిహేనేళ్లు నిండినాక 2018లో రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు పొడిగించుకున్నాము. 2023లో మల్ల పొడిగించాల. అంటే ఆర్టీఓ ముందు బ్రేకు చూపించాల.

అమ్మ ఈ బండిని అమ్మనీయలేదు అని రాస్తే బాగుంటుంది. నాయన గుర్తు కదా. కానీ ఆ పొద్దున "అమ్మేయండ్రా, ఇది మనిషిని తినే బండి" అన్నది అమ్మే. అన్న సరే అన్నాడు. అడ్డం పడింది మేము. తెలిసి తెలిసి బ్రేకు పట్టని బండిని ఇంకొకరి చేతికి ఎట్ల ఇస్తాము? గుజిరీకి వేసేదానికి ముందు కనీసం జబ్బేమో తెలుసుకోవాల అన్నాము. అన్న నవ్వి, "చచ్చినాక పోస్టుమార్టమా" అన్నాడు.

కారు వాడేవాళ్లలో చాలామందికి బ్రేకు వెనక ఏముంటుందో తెలీదు, మాకూ తెలీదు. తెలుసుకున్నంత చెప్తాము.

పెడలుకూ మాస్టర్ సిలిండరుకూ నడమ గుండ్రంగా పెద్ద రేకు డబ్బా ఒకటి ఉంటుంది. బ్రేకు బూస్టరు. దాని లోపల ఒక రబ్బరు పొర డబ్బాను రెండు గదులు చేస్తుంది. కాలు పెట్టనప్పుడు రెండు గదుల్లోనూ గాలి లాగేసి ఉంటుంది. కాలు పెడితే ఒక గదిలోకి బయటి గాలి దూరుతుంది, ఇంకొక గది ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఆ గాలి బరువు రబ్బరు పొరను ముందుకు తోస్తుంది. మన కాలు కొంచెం తొక్కితే మిగతాది గాలి తొక్కుతుంది. ఆ ఖాళీ లేకపోతే బ్రేకు అసలు పట్టదని కాదు, మన కాలి బలం ఎంతో అంతే పడుతుంది. అన్న రెండు కాళ్లూ పెట్టింది అందుకే. కాలు బలం లేనివాళ్లు ఆ సీట్లో ఉండుంటే ఏమయ్యుండునో మేము ఆలోచించదలచుకోలేదు.

పెట్రోలు ఇంజను గాలిని త్రాటిల్‌తో అణిచి పీలుస్తుంది కాబట్టి వాక్యూమ్ దానికదే పుడుతుంది. ఇట్లాంటి పాత డీజల్ ఇంజనులో ఆ అణుపు లేదు, గాలి ధారాళంగా పోతుంది. కాబట్టి వాక్యూమ్ కోసం వేరే పంపు పెట్టాల. క్వాలిస్‌లో ఆ పంపు ఆల్టర్నేటరు వీపుకే బిగించి ఉంటుంది. మా తట్టు ఆల్టర్నేటరును ఇప్పటికీ డైనమో అనే అంటారు. డైనమో తిరిగితే అదే ఇరుసు మీద పంపూ తిరుగుతుంది. లోపల రెక్కలు గోడను ఒరుసుకొని తిరగాల కదా, దానికి ఇంజను ఆయిల్ సన్న పైపు గుండా వస్తుంది. పని అయిన ఆయిలూ, లాగిన గాలీ కలిసి లావు పైపులో ఇంజను అడుక్కు తిరిగి పోతాయి. మూడో పైపు బూస్టరుకు పోతుంది. దాని నడమ ఒక వాల్వు ఉంటుంది, గాలిని పంపు తట్టుకే పోనిస్తుంది, వెనక్కి రానీయదు. ఇంజను ఆపినాక కూడా బూస్టరులో రెండు మూడు తొక్కులకు సరిపడా వాక్యూమ్ నిలిచి ఉండేది ఈ వాల్వు వల్లనే.

ఇంత తెలిసినాక సగం విషయం అర్థమైంది. రాత్రంతా నిలిచిన బండికి మొదటి తొక్కే రాయి అయ్యిందంటే, నిల్వ ఉండాల్సిన వాక్యూమ్ రాత్రిలోపల పొయ్యిందని. ఎక్కడ పొయ్యింది అనేది ప్రశ్న.

ఆ వారం మేము లీవు పెట్టి ఊర్లోనే ఉన్నాము. మొదట చేసింది స్పానర్ పట్టుకోవడం కాదు. అన్న ప్లాస్టిక్ కవర్లో దాచిన బిల్లులూ, నాయన నోటుబుక్కూ ముందర పెట్టుకొని తేదీల ప్రకారం ఒక పట్టీ రాసినాము.

నాయన నోటుబుక్కు గురించి చెప్పాల. బండి కొన్న రోజు నుంచి డీజలు, ఆయిలు, టైరు, పంక్చరు అన్నీ అందులో రాసినాడు. మాట తెలుగు, అక్షరం కన్నడం. మా తట్టు చాలా ఇళ్లల్లో ఇంతే. మాట్లాడేది తెలుగు, బడి కన్నడం, కాబట్టి బాకీ పట్టీ, పెళ్లి చదివింపుల పట్టీ, జాబులు అన్నీ కన్నడ అక్షరాల్లో తెలుగు. మేమూ పదో తరగతి దాకా కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు పెద్దయినాక బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నవి, కన్నడం వచ్చినవాళ్లకు తలకట్టు ఒక్కటి అలవాటైతే చాలు. ఇప్పుడు రాస్తా ఉన్నది చూసి పెద్దలు తప్పులు దిద్దితే సంతోషమే.

పట్టీ ఇట్ల తేలింది. 2018 మార్చిలో కదిరి తేరుకు పొయ్యి వచ్చిన ఖర్చు. ఆ ఏడాది నవంబరులో "డైనమో బ్రష్ మార్చినాము, లోపలంతా ఆయిల్." 2019లో ఆయిలు అర లీటరు, అర లీటరు అని నెలకొకసారి కనబడుతుంది. అంతకుముందు పదిహేనేళ్లలో సర్వీసుకూ సర్వీసుకూ నడమ ఆయిలు పోసిన రాతే లేదు. 2019 శ్రావణంలో నాయన పొయ్యినాడు. నోటుబుక్కు అక్కడికి ఆగింది. తర్వాతవి బిల్లులు: 2020లో మల్ల డైనమో, 2021 డిసెంబరులో కొత్త బూస్టరు, 2022 జూన్‌లో మాస్టర్ సిలిండరు, అక్టోబరులో ఇంకొక బూస్టరు. అన్నీ కలిపితే ముప్పై వేలకు మీదే.

డైనమో చూసింది ఒక ఎలక్ట్రీషియను. సీలు పొయ్యింది, డైనమో పాతది అన్నాడు. ఆయిలు తగ్గేది చూసింది ఇంకొకరు, రింగులు పొయ్యినాయి, ఇంజను దించాల అన్నారు. బ్రేకు చూసింది మూడో అంగడి. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేసినారు, ఒకరి అంగట్లో చెప్పింది ఇంకొకరికి తెలీదు. చెప్పాల్సింది మేము, మేమూ చెప్పలేదు. ఆఫీసులో మూడు కంప్లయింట్లు ఒకే తట్టు నుంచి వస్తే వెనక ఒకే తప్పు ఉందేమో చూడండి అని అందరికీ చెప్పేవాళ్లము, ఇంట్లో బిల్లులు కవర్లో వేసి మూటకట్టినాము.

ఇంక బండి దగ్గరికి. చక్రాలకు రాళ్లు పెట్టి, బూస్టరుకు పొయ్యే పైపు విప్పినాము. పైపులో నుంచి నల్లటి నూనె చేతి మీద కారింది. గాలి తప్ప ఇంకేదీ పోకూడని పైపు అది. బూస్టరు మూతి దగ్గర గుడ్డ దూర్చి తీస్తే గుడ్డ నల్లగా వచ్చింది. అక్టోబరులో వేసిన కొత్త బూస్టరు, నాలుగు నెలలు కాలేదు.

2022లో కూడా బూస్టరులో తడి కనబడింది. అప్పుడు అంగడివాళ్లు అది బ్రేకు ఆయిలే, మాస్టర్ సిలిండరు వెనక సీలు గుండా కారి లోపలికి పొయ్యింది అని చెప్పి సిలిండరు మార్చినారు. అట్ల జరిగేది ఉంది, తప్పు మాటేమీ కాదు. కానీ ఒకటి తేల్చుకోలేదు: ఆ తడి ఏ ఆయిలు? దీనికి ల్యాబు అక్కర్లేదు. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు తీసుకున్నాము. ఒకదాంట్లో డబ్బీలోని బ్రేకు ఆయిలు నాలుగు చుక్కలు వేసి కలిపితే నీళ్లలో కలిసిపొయ్యింది. అది పేరుకే ఆయిలు, నూనె జాతి కాదు. రెండో గ్లాసులో పైపులో దొరికిన నల్లటిది వేస్తే పైన తేలింది, ఎంత కలిపినా కలవలేదు. అది ఇంజను ఆయిలు. అన్న అప్పుడు బ్రేకు ఆయిలు డబ్బా వంక చూసి, "దీంట్లో ఎప్పుడూ తగ్గిందే లేదు కదా" అన్నాడు. ఆ మాట 2022లో మేము అడిగి ఉండాల్సింది. (ఆ గ్లాసులు మల్ల వంటింట్లోకి రానీయలేదు వదిన. సరైన పనే, బ్రేకు ఆయిలు విషం.)

ఇంజను ఆయిలు బూస్టరుకు పొయ్యే దారి ఒక్కటే, పంపు గుండా. కానీ పంపు గాలిని తన తట్టు లాగుతుంది కదా, ఆయిలు ఎదురు ఎట్ల పోతుంది? ఇది మాకు ఒక రోజంతా అర్థం కాలేదు.

కళ్లతో చూడాలనిపించింది. మేస్త్రీలు గోడ మట్టం చూసేదానికి నీళ్లు నింపి వాడే పారదర్శకం ట్యూబు ఉంటుంది కదా, దాంట్లో మందంగా ఉండేది మూరెడు తెచ్చి, వాల్వుకూ బూస్టరుకూ నడమ రబ్బరు పైపు తీసి అది తగిలించినాము. ఇది నిలబెట్టిన బండికి, అయిదు నిమిషాల పరీక్షకు మాత్రమే. దాంతో రోడ్డు మీదికి పోకూడదు, వేడికి మెత్తబడి అణిగిపోతుంది. ఇంజను స్టార్ట్ చేసినాము. ట్యూబులో ఏమీ లేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఏమీ లేదు. అన్న ఇంజను ఆపినాడు.

ఆపిన తర్వాత ట్యూబులోకి నల్లటి చుక్క ఒకటి వచ్చింది. జెర్రి మాదిరి మెల్లగా పాకుతా బూస్టరు తట్టు పొయ్యింది. దాని వెనక ఇంకొకటి. వదిన, పిల్లలు, అందరం బానెట్టు చుట్టూ నిలబడి చూసినాము.

ఇంజను ఆడేటప్పుడు పంపే గెలుస్తుంది. ఆపినాక పంపు ఊరికే ఉంటుంది, బూస్టరులో ఖాళీ ఉంటుంది. వాల్వు గట్టిగా మూసుకుంటే ఆ ఖాళీ అట్లే నిలుస్తుంది. మూసుకోకపోతే బూస్టరు ఎదురు లాగుతుంది, ముందు దొరికేది పంపులో నిలిచిన ఆయిలు. ఇంజను ఆపిన ప్రతిసారీ నాలుగు చుక్కలు. ఆరేడు నెలలకు రబ్బరు పొర నాని ఉబ్బేంత. వాల్వు విప్పి గుడ్డతో తుడిచి నోటితో ఊదితే రెండు పక్కలా గాలి పోతా ఉంది. లోపలి రబ్బరు బిళ్ల ఆయిలుకు ఉబ్బి వంకర పొయ్యింది. బూస్టరు రెండుసార్లు మార్చినప్పుడు పాత వాల్వే మల్ల తగిలించినారు. చిన్న సామాను, బాగానే ఉంది అనుకొని ఉంటారు.

కొత్త వాల్వు తెచ్చి వేసినాము. అన్న పని అయిపొయ్యింది అన్నాడు. మేము ఇంకా కాలేదు అన్నాము. పంపులో కొంచెం ఆయిలు ఉండడం సహజం, కానీ అంత ఎందుకు నిలిచింది? డైనమోలోకి ఆయిలు ఎందుకు దిగింది? వాల్వు ఒక్కటే కారణమైతే డైనమో నానదు.

ఏసీ మేస్త్రీ ఒకాయన దగ్గర వాక్యూమ్ గేజి అడిగి తెచ్చినాము. గేజి గురించి ఒక మాట, మా మాదిరి ఎత్తు మీద ఉండేవాళ్లకు పనికొస్తుంది. సముద్రం దగ్గర గాలి బరువు 760 మిల్లీమీటర్ల పాదరసం. మా తట్టు నేల 800, 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ గాలి బరువే 680, 690 దగ్గర. ఉన్న గాలికంటే ఎక్కువ ఎవరూ లాగలేరు కదా. చెన్నైలో ఎవరో 680 చూపించింది అని చెప్పితే అది చూసి ఇక్కడ పంపు పొయ్యింది అనుకోకూడదు. మేము 600 చుట్టూ వస్తే మంచిదే అనుకున్నాము. వచ్చింది 430. అదీ మెల్లగా, ముక్కుతా మూలుగుతా.

చింతామణిలో పాత డీజల్ పనులు చేసే పెద్దాయనకు ఫోను చేసినాము. "పంపు రెక్కలు అరిగింటాయి సామీ, పంపు మార్చేయండి" అన్నాడు. పంపు ధర విని అన్న మళ్లీ గుజిరీ మాట ఎత్తినాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందర అరుగు మీద కూర్చొని పట్టీని మొదటి నుంచి అన్నకు చదివి వినిపిస్తా ఉన్నాము. అమ్మ పితికిపప్పుకు అనపకాయలు ఒలుస్తా ఉంది. 2018 మార్చి దగ్గర నాయన రాసింది ఇది: "కదిరి దారిలో ఆయిల్ పైపు పగిలింది. నీళ పైపు వేసినాము. ఊరికి పొయ్యి మార్చాల."

మేము దాన్ని ముందే చదివినాము, వదిలేసినాము. ఎందుకంటే కన్నడంలో నీళ అంటే పొడుగు. పొడుగు పైపు ఏదో వేసినాడు, కొలత సరిపోక తర్వాత మార్చినాడు అనుకున్నాము. పన్నెండేళ్లు కన్నడ బడిలో చదివిన కన్ను, కన్నడ అక్షరాలు చూస్తే ముందు కన్నడ అర్థమే తీసుకుంటుంది. అమ్మకు ఏ అక్షరాలూ రావు. చెవికి విన్నది విన్నట్టు వింటుంది.

"నీళ పైపు ఏమిరా, నీళ్ల పైపు" అంది.

నాయన ళ కింద వత్తు మరిచినాడు, అంతే. అమ్మకు ఆ రోజు బాగా గుర్తుంది. "తేరు చూసుకొని వస్తా ఉంటే బండి కింద ఆయిలంతా కారిపొయ్యె. ఆయిలు పైపు దొరక్క, ట్రాక్టరు రిపేరీ అంగట్లో నీళ్ల పైపు ముక్క ఉంటే మీ నాయన అదే వేయించె. నేను చింతచెట్టు కింద కూర్చోనుంటి, చేతిలో ప్రసాదం పొట్లం. ఊరికి పోయినాక మార్చాల, మార్చాల అంటానే ఉండె."

మేము, అన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. చీకటి పడినా టార్చి పట్టుకొని పొయ్యినాము. పంపు నుంచి ఇంజను అడుక్కు పొయ్యే లావు పైపు, బయటికి నల్లగా, నున్నగా, క్లిప్పులు గట్టిగా, చూసేదానికి ఏ లోపమూ లేదు. అంతకు రెండు రోజుల ముందు మేమే దాన్ని తుడిచి 'బాగుంది' అని పట్టీలో రాసినాము. విప్పి నోట్లో పెట్టి ఊదినాము. గాలి పోలేదు. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదితే సన్నగా ఒక ఈల మాత్రం వచ్చింది. అన్న కత్తితో నిలువునా కోసినాడు. లోపలి రబ్బరు నానిన సెనగపప్పు మాదిరి ఉబ్బి, ఆ పైన అయిదేళ్ల మడ్డి పేరుకొని, నడమ పెన్సిలు ముల్లు దూరేంత సందు మిగిలింది.

రేడియేటరు పైపులకు వాడే ఈపీడీఎం రబ్బరు వేడినీళ్లను ఏళ్ల తరబడి తట్టుకుంటుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది. ఆయిలుకు నైట్రైల్ మాదిరి రబ్బరు కావాల. చూసేదానికి రెండూ నల్లటి పైపులే. దారి మూసుకుపోతా వచ్చేకొద్దీ పంపులోకి పొయ్యిన ఆయిలు బయటికి రాలేక లోపలే నిలిచింది, గాలి పొయ్యే దారీ అదే కాబట్టి పంపు సరిగ్గా లాగలేక 430 దగ్గర ఆగింది. నిలిచిన ఆయిలు ఇరుసు సీలును తోసుకొని డైనమోలోకి దిగింది. వాల్వు మెత్తబడినాక బూస్టరులోకీ పొయ్యింది. ఇంజను రింగులు ఏమీ కాలేదు. నెలకు అర లీటరు పొయ్యింది ఈ రెండు దార్లలో.

మరుసటి రోజు బెంగళూరు జేసీ రోడ్డుకు పొయ్యి ఆయిలు పైపు, బూస్టరు, దానికి పొయ్యే రబ్బరు పైపు తెచ్చినాము. పైపు ధర 250 రూపాయలు. ముందు పైపు ఒక్కటే మార్చి గేజి పెట్టినాము, ఒకేసారి రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలీదు. 590 చూపించింది, అదీ చూస్తా ఉండగానే. పంపుకు ఏ రోగమూ లేదు. తర్వాత పాత వాల్వును మళ్లీ తగిలించి, మట్టం ట్యూబు పెట్టి, ఇంజను ఆపి చూసినాము. అన్నకు కోపం వచ్చింది, "బాగైనదాన్ని మల్ల చెడగొట్టేది ఏం పరీక్షరా" అని. ఈసారి ట్యూబులో ఆయిలు చెమట పట్టినట్టు కనబడింది, చుక్క కట్టలేదు. అంటే పైపు బాగుంటే వాల్వు ఒక్కటే ఇంత పని చేసేది కాదు, వాల్వు బాగుంటే పైపు తప్పు బ్రేకు దాకా వచ్చేది కాదు. కొత్త వాల్వు వేసి, రాత్రంతా నిలిపి, పొద్దున ఇంజను పెట్టకుండా పెడలు తొక్కినాము. మెత్తగా దిగింది. రెండోసారి దిగింది. మూడోసారి కొంచెం గట్టి. అట్లే ఉండాల.

విప్పిన బూస్టరును అన్న రేకు కోసి తెరిచినాడు. అడుగున టీ గ్లాసుకు తక్కువ లేకుండా నల్లటి ఆయిలు. రబ్బరు పొర అంచు వేయించిన అప్పడం మాదిరి అలలు తిరిగింది. దాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చేమో అని అన్న అడిగినాడు. ఆయిలు తాగిన రబ్బరు మళ్లీ రబ్బరు కాదు. దాన్ని మాత్రం గుజిరీకి వేసినాము.

నాయన మీద కోపం వచ్చిందా అని మా ఇంటావిడ అడిగింది. ఆ రోజు దారిలో ఆయన చేసింది సరైన పనే. ఆయిలు కారిపోతా ఉంటే బండి నడిపి ఇంజను పట్టేయడం కంటే దొరికిన పైపు వేసి ఇల్లు చేరడం మేలు. మార్చాల అని రాసుకున్నాడు కూడా. ఆ ఎండాకాలం బోర్లు ఎండిపొయ్యి, రేషం ఆకు కొనాల్సి వచ్చి, తర్వాత ఆయనకు గుండె నొప్పి, ఆసుపత్రి. పైపు నల్లగా, నున్నగా, కారకుండా పని చేస్తా ఉండె. కారే పైపైతే గుర్తుండేది.

ఏప్రిల్‌లో చిక్కబళ్లాపురంలో ఇన్‌స్పెక్టరు బండి ఎక్కి బ్రేకు తొక్కి చూసి, అయిదేళ్లకు రాసిచ్చినాడు. నోటుబుక్కులో 2019 తర్వాత ఖాళీగా ఉన్న పేజీలో మేము తేదీ వేసి, "ఆయిలు పైపు మార్చినాము. నీళ్ల పైపు తీసేసినాము" అని రాసినాము, కన్నడ అక్షరాల్లోనే, వత్తు పెట్టి. అన్న దాని కింద కిలోమీటర్లు రాసినాడు.

అమ్మ ఇప్పుడు గేటు ముందే తీసేసి, రాతి కంబానికి అవతల నిలబడి, "ఊ, పెట్టు" అన్నాకే అన్న తాళం తిప్పాల.